అరటిపండులో ఎవరి వాటా ఎంత?

చాక్లెట్ ఎక్కడి నుంచి వస్తుందని చిన్నపిల్లల్ని అడిగితే "అంగడి నుంచి" అంటారు. తప్పేం కాదు, వాళ్ళు చూసింది అంతవరకే. ఆ అంగడి వెనక ఘానాలోనో ఐవరీ కోస్టులోనో కోకో కాయలు కోసే రైతు ఉన్నాడనీ, ఆయన ఇంట్లోనూ బడికి పోవలసిన పిల్లలున్నారనీ చెప్పడంతో 'న్యాయ వాణిజ్యం' పాఠం మొదలవుతుంది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 4.7 అనే అంశం పిల్లలకు 'ప్రపంచ పౌరసత్వం' నేర్పాలంటుంది. పేరు బరువుగా ఉంది గానీ, నేర్పే దారి తేలికే.

ఇంగ్లండు ప్రాథమిక పాఠశాలల్లో ఒక ఆట ఆడిస్తారు. అరటిపండు ధర 30 పెన్నీలు అనుకుంటారు. పిల్లలు ఐదు జట్లవుతారు: గెలలు కోసే కూలీ, తోట యజమాని, ఓడవాళ్ళు, దిగుమతి చేసుకుని పండ్లు మాగబెట్టేవాళ్ళు, దుకాణదారు. "మీ పనికి ఎంత రావాలి?" అని టీచర్ అడుగుతుంది. ప్రతి జట్టూ తన కష్టమే గొప్పదంటుంది, మొత్తం కూడితే 30 దాటిపోతుంది. బేరాలయ్యాక టీచర్ అసలు లెక్క చెబుతుంది: దుకాణానికి 13, దిగుమతిదారుకి 7, యజమానికి 5, ఓడకి 4, కూలీకి 1. ఎండలో నిలబడినవాడికి ఒక్కటేనా అని పిల్లలకు కోపం వస్తుంది. ఆ కోపమే ఆ రోజు పాఠం.

మరి న్యాయ వాణిజ్యం ఏం చేస్తుంది? ముఖ్యంగా రెండు పనులు. మొదటిది కనీస ధర. మార్కెట్ ఎంత పడినా రైతు సంఘానికి అంతకు తగ్గకుండా ఇవ్వాలి. ఉదాహరణకు 2019 అక్టోబరు నుంచి టన్ను కోకోకు 2,400 డాలర్లుగా నిర్ణయించారు. మార్కెట్లో ధర ఇంకా ఎక్కువుంటే ఆ ఎక్కువే ఇవ్వాలి. రెండోది, దానిపైన అదనపు సొమ్ము; 2019లో అది టన్నుకు 240 డాలర్లుగా పెట్టారు. దాన్ని బావికో, బడికో, ఇంకొకదానికో ఎలా ఖర్చు పెట్టాలన్నది రైతులే కూర్చుని తేల్చుకుంటారు.

సాహిత్యం చదివే మనకు ఇందులో ఒక ముచ్చట ఉంది. 1988లో నెదర్లాండ్స్‌లో కాఫీ పొట్లాల మీద వేసిన మొదటి న్యాయ వాణిజ్య ముద్ర పేరు 'మాక్స్ హావెలార్'. అది ముల్తాతూలి 1860లో రాసిన నవల పేరు. డచ్చి పాలనలో జావా రైతులు పడిన బాధలు అందులో ఉన్నాయి. అంటే ఒక నవలా నాయకుడు నూట ఇరవై ఎనిమిదేళ్ళకు కాఫీ పొట్లం మీదికి ఎక్కాడన్నమాట!

ఈ ఆటని మా వీధి పిల్లలతో ఆడించాలనిపించింది. ఇక్కడ మద్రాసులో వాళ్ళకు అరటితోట కంటే మల్లెపూలు దగ్గర. మూర పూలు 30 రూపాయలు అనుకోమన్నాను. రైతు, పూలు కోసేవాళ్ళు, లారీ, కోయంబేడు కమీషన్, మాల కట్టే ఆమె, వీధిలో అమ్మే ఆమె. వాటాలు పంచుతుంటే నాలుగో తరగతి పాప ఒకతె లేచి, "అక్కా, మాల కట్టేది మా అమ్మే, ఎంతిస్తారో నేను చెప్తా" అంది. చెప్పింది కూడా. మిగతా పిల్లలు గబుక్కున తమ వాటాల్లోంచి తీసి ఆమె ముందు పెట్టబోయారు. పాప తీసుకోలేదు. "ఊరికే వద్దు, కట్టినదానికి ఇవ్వండి" అంది.

ఇంగ్లండు బడిలో కూలీ ఎక్కడో దూరాన ఉంటాడు కాబట్టి పాఠం జాలి దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. మన దగ్గర ఆ కూలీ బిడ్డే మన ముందు బెంచీలో ఉంటుంది. జాలిపడితే ఆ బిడ్డ తల దించుకుంటుంది, లెక్క అడిగితే తల ఎత్తుతుంది. న్యాయ వాణిజ్యం దానం కాదు, చేసిన పనికి సరైన ధర. ఈ తేడా తెలియకుండా ప్రపంచ పౌరసత్వం గురించి ఎన్ని చార్టులు అతికించినా లాభం లేదు.

మనలో చాలామంది రేపు టీచర్లవుతాం. ఒక ముద్రతో లోకంలోని అన్యాయమంతా పోదు. ముద్ర లేని సరుకులే ఎక్కువ. అయినా ఏ వస్తువు చేతిలో పెట్టినా "దీన్ని ఎవరు చేశారు, వాళ్ళకెంత ముట్టింది?" అని అడిగే అలవాటు పదేళ్ళకే పిల్లలకు వస్తే, పెద్దయ్యాక వాళ్ళు కొనేటప్పుడూ, కూలి ఇచ్చేటప్పుడూ, కూలి అడిగేటప్పుడూ అది పనికొస్తుంది.