శీర్షిక స్థాయిని మార్చే మాక్రో

వర్డ్ ప్రాసెసర్ దృష్టిలో శీర్షిక అంటే లావుపాటి అక్షరాలు కాదు, స్థాయి సంఖ్య ఉన్న పేరా. ఆ సంఖ్య ఆధారంగానే విషయసూచిక తయారవుతుంది. రాతను అంతస్తులుగా పేర్చి, పై వరసలను మాత్రమే తెరపై చూపే పద్ధతిని డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రదర్శించాడు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో అది హెడింగ్ 1 నుంచి హెడింగ్ 9 దాకా తొమ్మిది స్టైళ్లుగా కుదురుకుంది. అవుట్‌లైన్ లెక్కలో పదో విలువ మామూలు పాఠానిది. తొమ్మిది ఉన్నాయి కదా అని అన్నీ వాడితే మాత్రం పాఠకుడు దారి తప్పడం ఖాయం.

విడివిడిగా రాసిన అధ్యాయాలను ఒకే పుస్తకంగా కూర్చి, వాటిపైన భాగాల పేర్లు పెట్టాలంటే ప్రతి శీర్షికా ఒక మెట్టు దిగాలి. ఆల్ట్, షిఫ్ట్ నొక్కి కుడి బాణం కొడితే ఒక శీర్షిక దిగుతుంది. వందల శీర్షికలుంటే అది మాక్రో పని. వర్డ్ 97 నుంచి మాక్రోల భాష విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్. మాక్రో పేరాలను వరసగా చూస్తూ, స్థాయి 10 అయితే వదిలేస్తుంది, శీర్షిక అయితే అవుట్‌లైన్‌డిమోట్ ఆదేశంతో కిందికి దించుతుంది. పైకి తేవడానికి అవుట్‌లైన్‌ప్రమోట్ ఉంది.

పేరా పేరాగా కాకుండా, స్టైల్‌ను వెతికి మార్చే పద్ధతి వాడితే చిక్కంతా వరసలోనే. ముందు 1ని 2గా, తర్వాత 2ని 3గా మారుస్తూ పోతే, మొదట్లో 1గా ఉన్నవి కూడా మిగతావాటితో కలిసి జారిపోతాయి. చివరికి అన్నీ 9లో కుప్పపడతాయి. అందుకే దించేటప్పుడు 8తో మొదలుపెట్టి పైకి రావాలి, ఎక్కించేటప్పుడు 2తో మొదలుపెట్టి కిందికి పోవాలి. అప్పటికే 9లో ఉన్నవి 8 నుంచి దిగినవాటితో కలిసిపోతాయి, మళ్లీ విడదీసే గుర్తు ఉండదు.

స్టైల్ పేరు వర్డ్ భాషను బట్టి మారుతుంది కాబట్టి అంతర్గత సంఖ్యతో పిలవడం మేలు: హెడింగ్ 1కి -2, హెడింగ్ 9కి -10. స్టైల్ పెట్టకుండా చేత్తో బోల్డ్ చేసిన శీర్షికలు మాక్రోకు మామూలు పాఠమే. వాటికి ముందుగా స్టైల్ తగిలించాలి.

మాక్రోలతో జాగ్రత్త కూడా అవసరం: 1999లో మెలిస్సా వంటి వైరస్‌లు మాక్రోల ముసుగులోనే వ్యాపించాయి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి మామూలుగానే అడ్డుకుంటోంది. డాక్‌ఎక్స్ ఫైలులో మాక్రో నిలవదు, దాన్ని డాక్‌ఎమ్ రూపంలోనో, నార్మల్ టెంప్లేట్‌లోనో దాచుకోవాలి.