మీకు తెలుసా? రాకెట్ వెనక సర్కారు చెయ్యి

▪ ఆంధ్రప్రదేశ్‌లోని గంపలగూడెం మామిడి తోటల్ని ఉపగ్రహం తీసిన చిత్రంలో చూడాలంటే డబ్బు కట్టనక్కర్లేదు. 2023 నాటి భారత అంతరిక్ష విధానం 5 మీటర్లు, అంతకన్నా ముతక స్పష్టత ఉన్న ఇస్రో చిత్రాలను ఉచితం చేసింది. రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-4 కెమెరా స్పష్టత 5.8 మీటర్లు. అంటే చిత్రంలోని ఒక్కో చుక్క నేల మీద 5.8 మీటర్ల చదరం. తోట ఎక్కడుందో తెలుస్తుంది, కాపు ఎంతుందో మాత్రం తెలియదు. ఉపగ్రహం పంపే సంకేతాలు దిగేది షాద్‌నగర్‌లో. ఈ ఉచితం రైతుకు నేరుగా చేరేది తక్కువే. ఆ చిత్రాలతో పంటల అంచనాలు తయారుచేసి బ్యాంకులకూ బీమా సంస్థలకూ అమ్మే కంపెనీలకు ఇది ముడిసరుకు. పరిశ్రమకు సర్కారు చేసే సాయంలో దీని ఊసెత్తేవాళ్లు అరుదు.

▪ చంద్రయాన్-3ని మోసిన రాకెట్ రెండో అంచెలో రెండు వికాస్ ఇంజిన్లు ఉన్నాయి. అవి కాల్చేది యూడీఎంహెచ్ అనే ద్రవం కలిసిన ఇంధనం. ఆ యూడీఎంహెచ్‌ని ఇస్రోకు అందించేది తణుకులోని ఆంధ్రా షుగర్స్! 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ అది. చెరకు రసం నుంచి ఇంధనం తీస్తారనుకునేరు, కాదు. కంపెనీ మెల్లగా రసాయనాల్లోకి దిగింది, ఆ దారిలోనే ఇది. ఈ ద్రవానికి నైట్రోజన్ టెట్రాక్సైడ్ తగిలిందంటే చాలు, నిప్పురవ్వ అక్కర్లేకుండానే భగ్గుమంటుంది. విషం కూడా. ఇలాంటి సరుకుకు బజారులో గిరాకీ ఎక్కడిది? కొనే చెయ్యి ఇస్రోది కాబట్టే దాని తయారీ నిలబడింది. హైదరాబాద్‌లో వికాస్ ఇంజిన్ల భాగాలు చేసే ఎంటార్ కథా మొదట్లో దాదాపు ఇంతే. నా లెక్కలో రాయితీల కన్నా ఏళ్ల తరబడి తప్పకుండా వచ్చే ఆర్డరే గట్టి సాయం.

▪ రాకెట్ ప్రయోగాలకు శ్రీహరికోటను 1969లో ఎంపిక చేశారు. తొలి ప్రయోగం 1971 అక్టోబర్ 9న, ఒక చిన్న రోహిణి రాకెట్. అంతకుముందు ఆ దీవి యానాదులది. సరుగుడు, జీడి తోటల నడుమ, అడవిలో దొరికింది తిని బతికినవాళ్లు. పరిశ్రమకు నేల ఇచ్చిన ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో బడ్జెట్ పుస్తకాల్లో కనపడదు.

▪ 2022 నవంబర్ 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ అదే శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. దేశంలో ప్రైవేటు రాకెట్ ఎగరడం అదే మొదలు. పొడవు 6 మీటర్లు, బరువు 545 కిలోలు, చేరిన ఎత్తు 89.5 కిలోమీటర్లు. అయిదు నిమిషాలు గడవకముందే సముద్రంలో పడిపోయింది. అది మోసిన మూడు పరికరాల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎన్ స్పేస్‌టెక్‌ది. రాకెట్ స్కైరూట్‌ది, ప్రయోగ వేదికా రాడార్లూ ఇస్రోవి. అనుమతి ఇచ్చింది ఇన్‌స్పేస్. ప్రైవేటు వాళ్లకు ఇస్రో గేటు దగ్గర దారి చూపడానికి 2020 జూన్‌లో కేంద్రం ఏర్పాటు చేసిన సంస్థ ఇది. కొత్త కంపెనీ సొంతంగా ప్రయోగ కేంద్రం కట్టుకోవాలంటే అక్కడే దివాళా తీస్తుంది. సరిగ్గా ఎనిమిది రోజులకు మరో హైదరాబాద్ కంపెనీ ధ్రువ స్పేస్ ఉపగ్రహాలు, థైబోల్ట్-1, 2, పీఎస్‌ఎల్‌వీ ఎక్కి కక్ష్య చేరాయి.

▪ గంపలగూడెం మండలం దాటితే తెలంగాణ. ఇటూ అటూ రెండు సర్కార్లకూ వేర్వేరు అంతరిక్ష విధానాలున్నాయి. తెలంగాణ 2022 ఏప్రిల్‌లో తన విధానాన్ని మెటావర్స్‌లో విడుదల చేసింది (అంత హంగు అవసరమా అంటే ఏమో!). ఆంధ్రప్రదేశ్ 2025లో లేపాక్షి, తిరుపతిలలో స్పేస్ సిటీలు కడతానంది. ఇస్రో మాజీ ఛైర్మన్ సోమనాథ్‌ను సలహాదారుగా పెట్టుకుంది.

▪ ఇక నేరుగా డబ్బు. 2024 అక్టోబర్‌లో కేంద్ర మంత్రివర్గం అంతరిక్ష అంకుర సంస్థల కోసం 1,000 కోట్ల పెట్టుబడి నిధికి ఒప్పుకుంది. 2025 ఫిబ్రవరిలో ఇన్‌స్పేస్ 500 కోట్ల నిధి పెట్టింది. చిన్న కంపెనీకి ప్రాజెక్టు ఖర్చులో 60 శాతం దాకా ఇస్తారు, పరిమితి 25 కోట్లు. వినడానికి పెద్ద మొత్తాలే. కానీ శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరిలో మంజూరైంది ఒక్కదానికే 3,985 కోట్లు!

▪ చిన్న ఉపగ్రహాల కోసం ఇస్రో చేసిన ఎస్‌ఎస్‌ఎల్‌వీ రాకెట్ పరిజ్ఞానాన్ని బిడ్లు పిలిచి అమ్మకానికి పెట్టారు. 2025 జూన్‌లో 511 కోట్లకు దాన్ని దక్కించుకున్నది హిందుస్థాన్ ఏరోనాటిక్స్. అదీ సర్కారు కంపెనీయే.