అవ్వ యొడియే తొలి బడి

విద్వద్గద్వాల యను మాట తెలుగునాట పండితులెల్లరు నెఱిగినదే. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు విస్తీర్ణమున చిన్నవి. విద్వాంసుల నాదరించుటలో పెద్దవి. కృష్ణాతుంగభద్రల కావలినుండి సయితము కవులు, శాస్త్రవేత్తలు ఈ కోటలకు వచ్చి, సభలలో తమ విద్యను ప్రదర్శించి, సంభావనలు గైకొని పోయెడివారు. సంస్థానములు పోయినవి. 2016వ సంవత్సరమున పాత మహబూబునగరము జిల్లా విడిపోయి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు వేఱు జిల్లాలైనవి. కోటలు మాత్రము నిలిచియున్నవి. సభల కథలను మనము గర్వముతో చెప్పుకొనుచున్నాము. కాని పండితుని సన్మానించిన ఈ సీమలో మూడేండ్ల బిడ్డకు చదువు ఎక్కడ, ఎవరిచేత, ఏ మాటలలో మొదలగుచున్నదను ప్రశ్నను మనలో ఎందఱు వేసికొనిరి?

ఉదయము ఎనిమిది గంటలకు ఈ జిల్లాలలో ఏ పెద్ద గ్రామమునకు పోయినను ఒక దృశ్యము కానవచ్చును. పసుపుపచ్చని బస్సు రచ్చకట్ట ప్రక్కన నిలుచును. మెడకు టై బిగించుకొని, వీపున సంచి మోయుచు, నాలుగేండ్లయినను నిండని పసివాడు ఏడ్చుచు అందెక్కును. వానిని చేయిపట్టి తెచ్చినది అవ్వ. తలిదండ్రు లిరువురును హైదరాబాదుననో, పుణెలోనో, ముంబయిలోనో తట్టలు మోయుచుందురు. పాలమూరు కూలి యనగా దేశమంతట తెలిసిన పేరు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీరు చేలకు వచ్చిన తరువాత వలసలు కొంత తగ్గినవి గాని నిలిచిపోలేదు. బిడ్డను పెంచుచున్నది అవ్వ. అయినను ఆ యవ్వకు తెలిసిన దేదియు ఆ బడికి అక్కఱలేదు. ఆ బడి చెప్పున దేదియు ఆమెకు తెలియదు. సాయంకాలము బిడ్డ యిల్లు చేరిన పిమ్మట, ఏమి నేర్చితివిరా యని అడుగుటకైనను ఆమె జంకుచున్నది.

మేము చెప్పదలచినది దీనిని గూర్చియే. ఆరేండ్లలోపు బిడ్డకు చెప్పు చదువు, బిడ్డను ఇంటినుండి విడదీయునది కారాదు. ఇంటివారిని, అందును అవ్వతాతలను, బడిలోనికి పిలుచుకొని వచ్చునది కావలెను.

ఇది జరుగరాని పని యని తలచువారికి దూరదేశపు వృత్తాంత మొకటి చెప్పుదుము. 1896వ సంవత్సరము మే 28వ తేదీన గద్వాల సంస్థానమునందలి బోరవెల్లిలో సురవరము ప్రతాపరెడ్డిగారు జన్మించిరి. ఆ సంవత్సరముననే పసిఫిక్ మహాసముద్రము నడుమనున్న హవాయి ద్వీపములలో ఒక శాసనము పుట్టినది. పాఠశాలలన్నిటను బోధన ఆంగ్లముననే జరుగవలెనని దాని యాజ్ఞ. అంతకు మూడేండ్లు ముందుగా, 1893లో, అచ్చటి రాణి లిలియూకలానీని వర్తకులును వారి పక్షమువారును అమెరికా సైనికుల యండతో గద్దె దింపిరి. 1898లో ఆ ద్వీపములు అమెరికాలో కలుపబడెను. 1834 నుండియు తమ భాషలో పత్రికలు నడపుకొనిన ఆ ప్రజల బిడ్డలు బడిలో తల్లిభాష పలికినందులకు దండన పొందిరి. దండన తినిన బిడ్డలు పెద్దవారై, తమ బిడ్డలకు ఆ బాధ వలదని, ఇంటిలోను ఆ భాషను మానిరి. 1980 ప్రాంతమునకు ఆ భాష మాటలాడు బాలురు యాబదిమందికి లోపుగానే యుండిరని అచ్చటి విద్యావేత్తలు చెప్పుదురు. ఒక భాష చచ్చుటకు మూడుతరములు చాలినవి.

నిజాము రాజ్యమున మన గతియు దీనికి మిక్కిలి దూరముగా లేకుండెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. కచేరీలోను, పైతరగతులలోను తెలుగునకు చోటు లేదు. ఆ దినములలో ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. బాలురకు తల్లిభాషలో చదువు చెప్పవలెనని ఆ యుద్యమము పట్టుపట్టెను. మన భాష నిలిచినది. కనుక హవాయివారి కష్టము మనకు పరాయిది కాదు.

వారు దానిని చక్కదిద్దుకొనిన విధము మనము తెలిసికొనదగినది. 1983లో కొందఱు ఉపాధ్యాయులు, తలిదండ్రులు కూడి ‘పూనానా లియో’ యను సంస్థను స్థాపించిరి. పలుకుల గూడు అని ఆ మాటకు అర్థము. 1984లో కవాయి ద్వీపమునందలి కెకహా గ్రామమున తొలి శిశుపాఠశాల తెఱచిరి. న్యూజిలాండునందు మావోరీలు 1982లో ఆరంభించిన భాషాగూళ్లే వారికి మార్గదర్శకములు. 1896 నాటి నిషేధము అప్పటికిని తొలగలేదు. తలిదండ్రులు శాసనసభ చుట్టు తిరిగి 1986లో తొలగింపజేసిరి. అచ్చట బిడ్డను చేర్చిన తలిదండ్రుల పని రుసుము చెల్లించుటతో తీఱదు. వారును ఆ భాషను నేర్వవలెను. బడిపనిలో పాలు పంచుకొనవలెను. 1987లో ప్రభుత్వ పాఠశాలలలోను హవాయి భాషలో బోధన మొదలయ్యెను. 1999లో ఆ భాషలోనే చదివిన మొదటి విద్యార్థులు ఉన్నతపాఠశాల ముగించిరి.

2001లో మఱియొక ప్రయత్నము జరిగెను. దాని పేరు ‘టూటూ అండ్ మీ’. టూటూ యనగా అవ్వయు, తాతయు. తలిదండ్రులు కొలువులకు పోగా బిడ్డలను సాకుచున్నది అవ్వతాతలే యని గుర్తించి, వారిని బిడ్డలతోగూడ కూర్చుండబెట్టి నడపు సంచారపాఠశాల ఇది. పుట్టినది మొదలు ఐదేండ్ల వఱకు గల శిశువులు ఇందు చేరుదురు. ఆట, పాట, కథ, చేతిపని అన్నియు ద్వీపవాసుల సంప్రదాయము నానుకొని యుండును. వారి పురాణమున చేమమొక్క మానవునకు అన్న. అన్నకు నీరుపోయుట తమ్ముని ధర్మమని నేర్చిన బిడ్డకు సేద్యమును, నీటి విలువయు, కుటుంబధర్మమును ఒక్క పాఠముననే అబ్బును.

ఇట్టి తలంపు మన దేశమునకు క్రొత్తది కాదు. తారాబాయి మోదక్ గారు 1945లో మహారాష్ట్రమునందలి బోర్డీలో గ్రామీణ శిశువులకు బాలవాడిని నెలకొల్పిరి. తరువాత కోస్బాడు కొండలలో వారును, వారి శిష్యురాలు అనుతాయీ వాఘ్ గారును వార్లీ గిరిజనుల బిడ్డలను బడికి రమ్మని పిలుచుటకు బదులు, బడినే వారి వాకిళ్లకు గొనిపోయిరి. ఆకులు, గింజలు, గవ్వలు వారి బోధనోపకరణములు. అంగణమున నడచిన బడి గనుక అది అంగన్‌వాడి. 1975 అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతి నాడు, కేంద్రప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ఆరంభించి ఈ పేరునే దేశమంతట వ్యాపింపజేసెను. నేడు తెలంగాణమున 35,000లకు పైగా అంగన్‌వాడి కేంద్రములు గలవు. పేరు మిగిలినది, వాకిలి మఱుగుపడినది. ఊరి పెద్దలకు అది గ్రుడ్డు, పప్పు పంచు తావుగా మాత్రమే కనబడుచున్నది. ఆ భోజనము తక్కువది కాదు. కూలికి పోవు తల్లికి దాని విలువ తెలియును. అయినను మెదడు పెరుగుదలలో 85 శాతమునకు మించి ఆరేండ్లలోపుననే జరుగునని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పుచుండగా, ఆ యేండ్లకు ఆహారము మాత్రమే చాలునా?

నెలకొక దినము తలిదండ్రులను, గ్రామస్థులను కేంద్రమునకు పిలిచి బిడ్డల విద్యను గూర్చి ముచ్చటింపవలెనని 2013 నాటి జాతీయ శిశువిద్యావిధానమే విధించినది. ఆ దినమును అవ్వల దినముగా చేయుటకు క్రొత్త శాసన మక్కఱలేదు.

అవ్వ వచ్చి యేమి చెప్పును? నడిగడ్డకు పోయి చూడుడు. గద్వాల నేతగాని యింట అవ్వ కండెలు చుట్టుచుండును. నూలు ఒడలు, పట్టు అంచు గల చీరను కుట్టులేనట్లు మగ్గముమీదనే అతికెడి ఆ నేర్పు లోకప్రసిద్ధము. తిరుమల వేంకటేశ్వరునకు బ్రహ్మోత్సవములలో గద్వాల పంచెలు నేటికిని పోవుచున్నవి. ఆ యవ్వ ప్రక్కన గంటసేపు కూర్చున్న బిడ్డ రంగుల పేర్లు, పోగుల లెక్క, పడుగుపేకల పొందిక పలకలేకయే నేర్చును. జ్యేష్ఠమాసపు అమావాస్యకు ఆ సీమలో మట్టియెడ్లు చేసి పూజింతురు. రెండు పిడికిళ్ల మట్టినుండి ఎద్దును తీసిన చేతికి పలకబలపము బరువగునా?

వనపర్తి చేలకు రండు. అచ్చట ముసలితాతకు వేరుసెనగ విత్తు కాలము, కార్తెలు, వానగుర్తులు కంఠస్థము. 1959లో ముగిసిన సరళాసాగరమున, నీరు నిండినంత తనంత తానుగా దుమికించు సైఫనులు గలవు. తాత చేయిపట్టుకొని దానిని చూచివచ్చిన బిడ్డ వేయు ప్రశ్నలకు ఏ శిశుపుస్తకమును సాటిరాదు. ఇక ఓమనగుంటలు, అచ్చనగండ్లు, పులిజూదము, బొడ్డెమ్మ. చింతగింజలను గుంటలలో పంచునపుడే కూడికయు, తీసివేతయు వచ్చును. గునుగు, తంగేడు పేర్చునపుడు వరుస తెలియును. ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో పూర్వుల ఆటపాటలను కావ్యముల నుండి వెదకివెదకి యేల కూర్చిరి? జాతి చరిత్ర రాజుల యుద్ధములలోకంటె వీనిలో నెక్కువగా దాగియున్నదని గదా!

నాగరుకర్నూలు జిల్లాలో నల్లమల చెంచుపెంటలు గలవు. అమ్రాబాదు కొండలపై చెంచు తాతకు ఏ గడ్డ తినదగినది, ఏ తేనెపట్టు ఎట్లు దింపవలెను, ఏ యడుగు ఏ మృగముది అన్నియు తెలియును. నరసింహస్వామి వారికి బావ. ఆ బిడ్డ మాటలాడునది తెలుగే. అయినను పుస్తకపు తెలుగు వానికి పరదేశపు భాషవలె నుండును. బడిలో వాని జ్ఞానమునకు మార్కులు లేవు గనుక వాడు అజ్ఞాని యని వ్రాయబడుచున్నాడు.

ఇక్కడ మనలను మనమే విమర్శించుకొనవలసిన తావు గలదు. వనపర్తి, కొల్లాపురము, అచ్చంపేట ప్రాంతముల తండాలలో లంబాడీ బిడ్డ ఇంటిభాష వేఱు. ఉర్దూ మనపై రుద్దబడినదని మొఱపెట్టిన మనమే ఆ బిడ్డకు తొలినాడే తెలుగును మాత్రమే వినిపింతుమా? 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సవర, కోయ, గోండి మొదలగు ఎనిమిది భాషలలో ప్రాథమిక బోధన ఆరంభింపబడినది. అందు బంజారా భాషయు గలదు. అట్టి ప్రయత్నమునకు సహజమైన మొదటి మెట్టు శిశుకేంద్రము. దానికి ఉపాధ్యాయురాలు తండా అవ్వయే.

ఆంగ్లము లేనిదే బ్రదుకు లేదని కొందఱందురు. ఆంగ్లము వలదని మేము చెప్పుట లేదు. మేమును దానిని చదివి లాభమందినవారమే. 2022–23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలోను ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. తమ బిడ్డలను కాన్వెంటులకు పంపుచు కూలివానికి మాత్రము తెలుగు మాధుర్యమును ఉపన్యసించు పెద్దలను ప్రజలు నమ్మకుండుట న్యాయమే. కాని మూడవ యేటనే వాని నోటిమాటను లాగివేసిన, ఆంగ్లము రాదు. ఉన్న మాటయు పోవును. తన మాటలో కథ చెప్పగలిగి, ప్రశ్న వేయగలిగిన బిడ్డ రెండవభాషను గట్టిగా పట్టుకొనును.

అవ్వకు తెలిసినదంతయు బంగారమే యనియు మేమనము. ముఱ్ఱుపాలు పిండి పాఱబోయించు అవ్వలు, ఫలాని కులపు బిడ్డ ప్రక్కన కూర్చుండవలదను అవ్వలు నేటికిని గలరు. అందువలననే ఆమె కేంద్రమునకు రావలెను. టీచరువద్ద ఆమె కొన్ని నేర్చును. ఆమెవద్ద టీచరు కొన్ని నేర్చును. అన్ని కులముల బిడ్డలు ఒక్క చాపపై కూర్చుండి ఆమె కథ వినిననాడు, ఆమె మనస్సును కొంత మాఱును.

భూవసతి గల గృహస్థులారా! ఈ పనికి మీ ధనము స్వల్పముగనే కావలెను. కేంద్రమునకు నీడగల వాకిలి నిండు. బండెడు బంకమట్టి తోలించుడు. నెలకొక దినము కూలి మానుకొని వచ్చిన ముసలమ్మకు ఆనాటి కూలి యిప్పించుడు. పట్టణవాసులారా! మీ యింటి మనుమని వారమున కొకనాడైనను ఆ చాపపై కూర్చుండబెట్టుడు. మీ బిడ్డ పోని చోటికి ఊరివారు తమ బిడ్డను గౌరవముతో పంపరు. ఆనాడు సంస్థానాధిపతులు పండితునకు శాలువ కప్పి విద్వద్గద్వాల యను పేరు గాంచిరి. మన ఊరి యవ్వకు ఒక పీట వేసి పిల్లల నడుమ కూర్చుండబెట్టుటకు మనకు కోట లక్కఱలేదు.