తెచ్చి కలిపిన భాగం, తప్పిన పరీక్ష

మత్తూరు వైపునుంచి హోసూరు కార్ఖానాలకు పనికి వెళ్లేవారికి తెలిసిన సంగతే. బయటినుంచి వచ్చిన భాగం కొలతకు సరిపోకపోతే భాగాన్ని పక్కన పెడతారు, గేజిని పారెయ్యరు. కంప్యూటర్ ప్రోగ్రాములకూ ఇదే పద్ధతి.

ప్రోగ్రాం రాసేవారు అన్నీ తామే రాయరు. అందరికీ తెరిచి ఉంచిన ఉచిత సాఫ్ట్‌వేరును తెచ్చి తమదానితో కలుపుతారు. దాని పరీక్షలూ వెంటే వస్తాయి. అవి తప్పితే ఏం చెయ్యాలి? ముందు అసలు రచయితల ప్రతిమీద, అదే యంత్రంలో, అవే పరీక్షలు నడపాలి. అక్కడ నెగ్గితే, మనం మార్చిన చోటో కలిపిన తీరో చూసుకోవాలి. అక్కడా తప్పితే, వేరే యంత్రంలో నడిపి చూసి రచయితలకు తెలపాలి. పరీక్షను కొన్నాళ్లు ఆపక తప్పకపోతే, కారణం రాసి పెట్టాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలో లాగిన్ అరసెకను ఆలస్యం కావడం గమనించారు. కొన్ని వారాల కిందట పరీక్షల్లో కనబడిన వింత హెచ్చరికలు ఆయనకు గుర్తొచ్చాయి. ఆరా తీస్తే, ఎక్స్‌జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఎవరో పెట్టిన దొంగదారి బయటపడింది. దాన్ని దాచింది పరీక్షల కోసమని ఉంచిన ఫైళ్లలోనే!

కాబట్టి, తెచ్చి కలిపిన భాగమే కదా అనుకోకుండా, పరీక్ష ఎందుకు తప్పిందో తేలేదాకా వదలకండి.