చిత్తూరు సీమ తిండిపోతులు, తిండిదొంగలు

తిండిలో నంబర్ వన్ ఏనుగే! రోజుకు సుమారు 150 కిలోల మేత, 100 లీటర్లకు పైగా నీళ్లు. 16 గంటలు నములుతూనే ఉండాలి. అంత మేసినా ఒంటికి పట్టేది సగంలోపే, మిగతాదంతా లద్దె. దాదాపు 200 ఏళ్లపాటు ఇటు కనిపించని ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి తిరిగొచ్చాయి. పలమనేరు, కుప్పం వైపు 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం వాటి కోసమే. చెరకు రుచి మరిగిన ఏనుగుకు హద్దులేం లెక్క?

శేషాచలం దేవాంగ పిల్లి బరువు పావుకిలో. ఏనుగు ఒక్కరోజు మేత 600 దేవాంగ పిల్లుల బరువు! చీమలు, చెదలే కాదు, మిగతా జంతువులు ముట్టని కంపు పురుగులూ దీనికి ఫలహారమే.

ఉపవాసంలో కొండచిలువ దిట్ట. ఒక పెద్ద వేట మింగిందంటే వారాల తరబడి తిండి ఊసెత్తదు. దాని దగ్గరి చుట్టం బర్మా కొండచిలువకైతే భోంచేసిన 2 రోజుల్లో గుండె 40 శాతం పెరుగుతుంది!

ఎర్రచందనం దొంగల గురించి పేపర్లో చదువుతూనే ఉంటాం. శ్రీగంధం చెట్టే పెద్ద దొంగ! ఆకుల్లో సొంతంగా పిండిపదార్థం తయారుచేసుకుంటూనే, పక్క మొక్కల వేళ్లకు తన వేళ్లు గుచ్చి నీళ్లు, లవణాలు లాగేస్తుంది. దీని బారిన పడే మొక్కలు 300 రకాలకు పైనే. అందుకే శ్రీగంధం నాటే రైతు పక్కనే కందో, సరుగుడో వేస్తాడు. దోచుకోవడానికి తోడు లేకపోతే అది సరిగా ఎదగదు మరి.

రేగు కంపల మీద అల్లుకునే బంగారు తీగ ఇంకా ఘనం. ఆకుల్లేవు. ఆసరా దొరికాక వేరూ ఉండదు.

మామిడి తోటల శత్రువు బదనిక. ముదురాకులు, నారింజ రంగు గొట్టాల్లాంటి పూలు. మామిడి కొమ్మకే పుట్టినట్టు కనిపిస్తుంది. విత్తేది 8 సెంటీమీటర్ల పిట్ట, 10 గ్రాములైనా తూగదు! పండు తిని, జిగురు విత్తనం వదలక కొమ్మకు రాసేస్తుంది. అక్కడే మొలక. రైతుకు మిగిలేది అంటుకున్నచోటికి కిందుగా కొమ్మ నరకడమే.

పురుగుల్ని తినే మొక్కల్లో వేగంలో రికార్డు చెరువుల్లో తేలే యుట్రిక్యులేరియాదే. ఆవగింజంత తిత్తిలోకి నీటిపురుగును లాగేయడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. మీరు ఒక్కసారి రెప్పవేయడానికి పట్టే సమయం దానికి కనీసం 100 రెట్లు!

మనిషికన్నా చాలా పాత రైతులు చెదలు. పుట్టలో బూజు తోట పెంచి, దానితో కర్రను మెత్తబరిపించి తినే చెదల సేద్యం వయసు సుమారు 3 కోట్ల ఏళ్లు. మనిషి వ్యవసాయం 10,000 ఏళ్లకు కాస్త అటూ ఇటూ. వానపడ్డాక పుట్టల మీద లేచే పుట్టగొడుగులు ఆ తోటవే. వాటిని ఏరుకొచ్చి కూర వండేది మాత్రం మనమే!