ఆరు మీటర్ల రిపీటర్‌కు ఎలాంటి యాంటెన్నా కావాలి?

రిపీటర్ పెట్టాలనుకున్నవాళ్లు యాంటెన్నా కొనేముందు అడిగే మొదటి మాట, "గెయిన్ ఎంత?" అని, అంటే సంకేతాన్ని కావలసిన దిక్కుకు ఎంత బలంగా పోగుచేస్తుందని. 2 మీటర్ల బ్యాండుకో, 70 సెంటీమీటర్ల బ్యాండుకో అయితే అది అడగాల్సిన ప్రశ్నే. లో బ్యాండుకు, అంటే సుమారు 30 నుంచి 54 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ప్రాంతానికి వచ్చేసరికి ఆ ప్రశ్న వెనక్కి వెళ్లాలి. ఇక్కడ ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ట్రాన్స్‌మిటర్ పనిచేస్తున్నంతసేపూ ఈ యాంటెన్నా తానుగా ఏ చిటపటా పుట్టించకుండా ఉండగలదా?

రిపీటర్ పని ఏమిటో చూస్తే ఈ ప్రశ్న ఎందుకో తెలుస్తుంది. కొండమీదో, ఎత్తైన టవర్‌మీదో ఉండే ఈ రేడియో ఒక ఫ్రీక్వెన్సీలో వచ్చిన బలహీనమైన సంకేతాన్ని అందుకుని, అదే క్షణంలో పక్క ఫ్రీక్వెన్సీలో బలంగా తిరిగి పంపుతుంది. నేరుగా ఒకదానికొకటి అందని కారు సెట్లూ చేతి సెట్లూ దీని ద్వారా మాట్లాడుకుంటాయి. అమెరికాలో హామ్ రేడియో వాళ్లకు, అంటే అభిరుచితో రేడియో నడిపేవాళ్లకు, 50 నుంచి 54 మెగాహెర్ట్జ్ వరకు 6 మీటర్ల బ్యాండు ఉంది, అందులో ఇలాంటి రిపీటర్లు ఉన్నాయి. దానికి సరిగ్గా కింద ఉన్న ఫ్రీక్వెన్సీలకు పెద్ద చరిత్రే ఉంది. 1940లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులకు డేనియల్ నోబుల్ అనే ప్రొఫెసర్ రూపకల్పన చేసిన ఎఫ్.ఎం. రేడియో వ్యవస్థ 39 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కలే నడిచింది. కాలిఫోర్నియా హైవే పట్రోల్ దశాబ్దాల పాటు లో బ్యాండునే నమ్ముకుంది. పొడవాటి తరంగాలు కొండ అంచులను ఒరుసుకుని లోయల్లోకి కొంత దిగుతాయి, చెట్ల ఆకులకు పెద్దగా లొంగవు. తర్వాత చాలా శాఖలు పై బ్యాండ్లకు మారిపోయాయి. వాళ్లు దించేసిన గట్టి యాంటెన్నాలు హామ్‌ల చేతికి వస్తుంటాయి. పాతవైనా వాటిలో చాలావాటి పనితనం ఇవాళ్టి చౌక సరుకుకన్నా మేలు.

ఇక కొలతలు. తరంగదైర్ఘ్యం మీటర్లలో తెలియాలంటే 300ని మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే చాలు. 53 మెగాహెర్ట్జ్‌కు 5.66 మీటర్లు వస్తుంది. అందులో సగం 2.83, పావు 1.41. గెయిన్ కావాలంటే ఇలాంటి సగం తరంగపు ముక్కలను, అంటే డైపోల్స్‌ను, ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోవాలి. 150 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో బాగా పేరున్న డీబీ-224 అనే యాంటెన్నాలో ఒకే స్తంభానికి నాలుగు ఫోల్డెడ్ డైపోల్స్ ఉంటాయి. దాని పొడవు ఆరు మీటర్లకు పైనే, డైపోల్‌తో పోలిస్తే గెయిన్ 6 డెసిబెల్స్, అంటే నాలుగు రెట్లు. అదే గెయిన్ 53 మెగాహెర్ట్జ్ దగ్గర కావాలంటే పొడవు దాదాపు మూడు రెట్లు పెరిగి 18 మీటర్లకు చేరుతుంది. టవర్‌మీద అంత పొడవైన వస్తువును గాలికి నిలబెట్టడం మామూలు క్లబ్బుకు అయ్యే పని కాదు.

అంత కష్టపడ్డా వినికిడిలో దొరికే లాభం అనుకున్నంత ఉండదు. 50 మెగాహెర్ట్జ్ దగ్గర రిసీవర్ సొంత రొదకన్నా బయటి రొద ఎక్కువ. కరెంటు లైన్ల ఇన్సులేటర్లు, చౌక ఎల్.ఈ.డీ. దీపాలు, ఛార్జర్లు, పాలపుంత నుంచి వచ్చే సన్నటి హోరు, అన్నీ యాంటెన్నా గుండానే లోపలికి వస్తాయి. గెయిన్ పెంచితే చాలాసార్లు సంకేతంతోపాటు అవీ పెరుగుతాయి. అందుకే నా అభిప్రాయంలో ఇక్కడ డబ్బు పెట్టాల్సింది మొదట ఎత్తుకు, కరెంటు లైన్లకు దూరంగా ఉన్న చోటుకు. గెయిన్ సంగతి ఆ తర్వాత.

ఇప్పుడు అసలు చిక్కు. రిపీటర్ ట్రాన్స్‌మిటర్ 100 వాట్లు పంపుతోందనుకుందాం. అదే సమయంలో రిసీవర్ 0.2 మైక్రోవోల్టుల సంకేతాన్ని పోల్చుకోవాలి. ఈ రెండు శక్తుల మధ్య తేడా సుమారు 171 డెసిబెల్స్. ప్రతి 10 డెసిబెల్స్‌కూ శక్తి పది రెట్లు మారుతుంది కాబట్టి, ఒకటి పక్కన పదిహేడు సున్నాలు పెట్టినంత తేడా అది. గట్టిమేళం మోగిస్తున్న డోలు వాద్యగాడే, పందిరి అవతల ఎవరో జారవిడిచిన సూది చప్పుడు వినాలన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఈ రెండింటినీ విడదీయడానికి డ్యూప్లెక్సర్ అనే డబ్బాల వరస వాడతారు. ఒక్కో డబ్బా ఒక ఫ్రీక్వెన్సీని పోనిచ్చి, ఇంకోదాన్ని అణిచేస్తుంది. కాని డబ్బా కొలత కూడా తరంగాన్ని బట్టే ఉంటుంది కాబట్టి 53 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగపు డబ్బా ఇంచుమించు 1.4 మీటర్ల ఎత్తుంటుంది. అలాంటివి నాలుగైనా కావాలి. ఆ ఖర్చుకు వెనకాడి రెండు యాంటెన్నాలను ఒకే టవర్‌మీద పైనా కిందా కట్టేవాళ్లున్నారు. 15 మీటర్ల ఎడంతో కట్టిన రెండు డైపోల్స్ మధ్య 450 మెగాహెర్ట్జ్ దగ్గరైతే 80 డెసిబెల్స్ పైచిలుకు అడ్డు దొరుకుతుంది. అంతే ఎడం 53 దగ్గర 45 మాత్రమే ఇస్తుంది. మిగతాది మళ్లీ డబ్బాలతోనే పూడ్చుకోవాలి.

డ్యూప్లెక్సర్ ఎంత మంచిదైనా తీర్చలేని జబ్బు ఇంకోటుంది. యాంటెన్నాలో వదులైన మరలు, తుప్పు పట్టిన అతుకులు, రాగి అల్యూమినియం కలిసే చోట్లు డయోడ్ లాగా ప్రవర్తిస్తాయి. 100 వాట్లు వాటిగుండా పారినప్పుడు రిసీవర్ వినే ఫ్రీక్వెన్సీలోనే చిటపట పుడుతుంది. డ్యూప్లెక్సర్‌కు యాంటెన్నా వైపున పుట్టిన ఆ రొదను ఏ డబ్బా ఆపలేదు, ఎందుకంటే అది అసలు సంకేతం వచ్చే దారిలోనే వస్తుంది. మామూలు సెట్టుకు ఇదే యాంటెన్నా తగిలిస్తే సంవత్సరాల తరబడి లోపమే కనిపించదు. పంపేటప్పుడు వినం, వినేటప్పుడు పంపం కదా. అందుకే "మా ఇంటిమీద బాగా పనిచేసింది" అన్న మాటను రిపీటర్ విషయంలో సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఈ దృష్టితో చూస్తే ఎంపిక సులువవుతుంది. ఫైబర్‌గ్లాస్ గొట్టంలో దాచిన పొడవాటి యాంటెన్నాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. లోపల ఎన్ని అతుకులున్నాయో, గాలికి ఊగినప్పుడు ఏది దేన్ని రాసుకుంటోందో బయటికి తెలియదు. రిపీటర్‌కు వీటిని నేను సూచించను. గ్రౌండ్ ప్లేన్ చాలా సాదా యాంటెన్నా: పైకి ఒక పావు తరంగపు కడ్డీ, కింద నాలుగు రేడియల్స్. రేడియల్స్ నేలకు సమాంతరంగా ఉంటే దాని ఇంపెడెన్స్, అంటే కేబుల్‌కు అది చూపించే నిరోధం, 36 ఓంల దగ్గర, 45 డిగ్రీలు కిందికి వంచితే 50 ఓంల దగ్గర ఉంటుంది. మన కేబుల్ 50 ఓంలది కాబట్టి వంచడమే మేలు. ధర తక్కువ, బాగుచేసుకోవడం తేలిక. కడ్డీ మొదట్లో ఉండే మరలను మాత్రం అనుమానించాలి.

రెండు ఫ్రీక్వెన్సీలనూ ఒకే యాంటెన్నా మోయాల్సి వస్తే నా ఓటు ఫోల్డెడ్ డైపోల్‌కే. దూరదర్శన్ రోజుల్లో ఇళ్లమీద కట్టిన టీవీ యాంటెన్నా గుర్తున్నవాళ్లకు దీన్ని కొత్తగా చూపించక్కర్లేదు. అడ్డకడ్డీల మధ్య రెండు చివర్లూ గుండ్రంగా వంగి కలిసిన గొట్టం ఒకటి ఉండేది, దాని నుంచి చదునైన రెండు తీగల వైరు కిందికి దిగేది. ఆ గొట్టమే ఫోల్డెడ్ డైపోల్. అప్పటి టీవీ బ్యాండు 1 ఛానెళ్లు 47 నుంచి 68 మెగాహెర్ట్జ్ మధ్యవే కాబట్టి, ఆ ఛానెల్ అందిన ఊళ్లలో ఆ గొట్టం పొడవు కూడా ఇంచుమించు మనం చెప్పుకుంటున్నంతే. దాని ఇంపెడెన్స్ 300 ఓంల దరిదాపుల్లో ఉంటుంది. అప్పుడు 300 ఓంల చదును వైరు సరిపోయింది. ఇప్పుడు 50 ఓంల కేబుల్‌కు కలపాలంటే మధ్యలో కోయాక్స్ ముక్కతో చేసిన, ఇంపెడెన్స్‌ను నాలుగో వంతుకు దించే 4:1 బాలన్ పెట్టి, మిగిలిన తేడాను తయారీలోనే సర్దుతారు. మామూలు డైపోల్‌కన్నా ఇది వెడల్పైన బ్యాండు ఇస్తుంది. గొట్టం మధ్యభాగం నేరుగా స్తంభానికే కలుస్తుంది కాబట్టి పిడుగుల కాలంలో పేరుకునే స్థిర విద్యుత్తుకు భూమిలోకి దారి ఉంటుంది. కొనేటప్పుడు మరలతో బిగించినదాన్ని వదిలి, వెల్డింగ్ చేసినదాన్ని తీసుకోండి.

టవర్ పక్కకు కట్టిన డైపోల్‌కు టవర్ కూడా యాంటెన్నాలో భాగమేనని మరిచిపోకూడదు. పావు తరంగం, అంటే 1.4 మీటర్ల ఎడంతో కడితే సంకేతం టవర్‌కు ఎదురు దిక్కున పెరిగి, వెనక వైపు తగ్గుతుంది. ఊరు ఒకే పక్కన ఉంటే అది వరం. చుట్టూ జనం ఉంటే టవర్ కొనమీద పెట్టే యాంటెన్నానే చూసుకోవాలి.

కేబుల్ విషయంలో లో బ్యాండు కొంత దయ చూపిస్తుంది. ఆర్.జీ.-213 లాంటి మామూలు కోయాక్స్ 50 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు 5 డెసిబెల్స్ చొప్పున తింటుంది. అరంగుళం గట్టి కేబుల్ అయితే ఒకటిన్నర. 50 మీటర్ల పొడవుకు రెండోది వాడితే శక్తిలో 84 శాతం పైకి చేరుతుంది, ఇంకా లావుదానికి ఖర్చు పెట్టక్కర్లేదు. అల్యూమినియం రేకు చుట్టి దానిమీద రాగి జాలీ అల్లిన కేబుళ్లు మాత్రం రిపీటర్‌కు వద్దు. ఆ రేకూ జాలీ ఒకదాన్నొకటి తాకే లక్షల చోట్లలో ప్రతిదీ చిటపటకు అవకాశమే.

ట్యూనింగ్‌కు ఒక ఉదాహరణ తీసుకుందాం. రిపీటర్ 53.25లో పంపి 52.25లో వింటుంది. 6 మీటర్ల బ్యాండులో చాలాచోట్ల ఎడం ఇలా 1 మెగాహెర్ట్జే, కొన్ని ప్రాంతాల్లో అందులో సగం. చిన్నదిగా కనిపించినా ఇది ఫ్రీక్వెన్సీలో దాదాపు 2 శాతం. 2 మీటర్ల బ్యాండులో అర శాతం కూడా ఉండదు. కాబట్టి యాంటెన్నాను ఒక్క ఫ్రీక్వెన్సీకి అద్దంలా సరిచేస్తే రెండోది చెడుతుంది. మధ్యలో, 52.75కు సరిచేయాలి.

గ్రౌండ్ ప్లేన్ కడ్డీ పొడవుకు 71.3ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. కడ్డీ మందం వల్ల, దాని చివర ప్రభావం వల్ల సరిపోయే పొడవు పావు తరంగంకన్నా కాస్త తగ్గుతుంది కాబట్టి 300లో పావైన 75 బదులు ఈ అంకె. 52.75కు 1.35 మీటర్లు వస్తుంది. చేతికొచ్చిన పాత గ్రౌండ్ ప్లేన్ 46 మెగాహెర్ట్జ్‌కు కోసినదైతే దాని కడ్డీ 1.55 మీటర్లుంటుంది, అంటే సుమారు 20 సెంటీమీటర్లు తీయాలి. ఒకేసారి తీయవద్దు. ఈ కొలతల్లో ఒక సెంటీమీటరుకు దాదాపు 400 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. ముందు 17 సెంటీమీటర్లు కోసి, కొలిచి, మిగతాది కొద్దికొద్దిగా తగ్గించండి. రేడియల్స్‌నూ అదే నిష్పత్తిలో తగ్గించాలి.

కొలిచేచోటు కూడా లెక్కలోకి వస్తుంది. నేలమీద, మనిషి ఎత్తులో తీసిన రీడింగ్ టవర్‌మీద నిలవదు. కనీసం సగం తరంగం, అంటే 3 మీటర్ల ఎత్తున తాత్కాలికంగా నిలబెట్టి కొలవండి, చివరి సర్దుబాటు మాత్రం అసలు చోటులో చేయండి. కొలిచే పరికరమైన ఎనలైజర్‌ను యాంటెన్నా దగ్గరే తగిలించడం కుదరకపోతే సగం తరంగానికి సమానమైన కోయాక్స్ ముక్క వాడండి. దాని ఒక చివర ఉన్న ఇంపెడెన్స్ రెండో చివర అలాగే కనిపిస్తుంది. మామూలు పాలిథిలిన్ కోయాక్స్‌లో ఈ పొడవు 2.83ను 0.66తో గుణిస్తే వచ్చే 1.87 మీటర్లు. కేబుల్ యాంటెన్నాకు కలిసే చోటు (ఫీడ్ పాయింట్) కిందే కేబుల్‌ను కొన్ని చుట్లు చుట్టండి, లేదా ఫెర్రైట్ పూసలు తొడగండి. లేకపోతే కేబుల్ పైతొడుగు కూడా ప్రసారం చేస్తూ కొలతను తప్పుదారి పట్టిస్తుంది.

పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే ఎస్.డబ్ల్యూ.ఆర్. అంకెను కింద గదిలో చూసి మరీ నమ్మకండి. 3 డెసిబెల్స్ తినే కేబుల్ పై చివర యాంటెన్నా ఊడిపోయినా మీటరు 3కు మించి చూపించదు. నీళ్లు దిగిన కేబుల్ ఇంకా "మంచి" అంకె చూపిస్తుంది. యాంటెన్నా దగ్గర రెండు ఫ్రీక్వెన్సీల్లోనూ 1.5 లోపు ఉంటే చాలు. 1.5 అంటే వెనక్కి తిరిగొచ్చేది 4 శాతమే. అంతకన్నా తగ్గించాలని రోజంతా టవర్‌మీద గడపడం వృథా.

అసలు పరీక్ష తర్వాతే. రిసీవర్‌కు ఒక కప్లర్ ద్వారా, గరగరమంటూ అంతంతమాత్రంగా వినిపించే స్థాయిలో పరీక్ష సంకేతం ఇవ్వండి. డ్యూప్లెక్సర్‌కు యాంటెన్నా బదులు, శక్తిని ప్రసారం చేయకుండా మింగేసే డమ్మీ లోడ్ పెట్టి ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయండి. అప్పుడే గరగర పెరిగితే లోపం డ్యూప్లెక్సర్‌లోనో, మధ్య కేబుళ్లలోనో ఉంది. పెరగకపోతే యాంటెన్నాను తగిలించి మళ్లీ చూడండి. ఇప్పుడు ఉండుండి చిటపట వస్తుంటే, గాలి వీచినప్పుడు ఎక్కువవుతుంటే, అతుకుల్లోనే జబ్బు. అది యాంటెన్నాదే కానక్కర్లేదు. టవర్‌కు వేలాడే గొలుసు, తుప్పు పట్టిన కంచె, వదులైన నిచ్చెన మెట్టు, కేబుల్‌ను పట్టే ఇనుప పట్టీ, ఇవన్నీ దగ్గర్లో ఉంటే అదే పని చేస్తాయి. ఒకరు వింటుంటే మరొకరు పొడవాటి కర్రతో ఒక్కొక్కదాన్నీ తట్టి చూస్తే దొంగ దొరుకుతుంది.

ఎంత వెతికినా తగ్గని చోట్లుంటాయి, ముఖ్యంగా పది సంస్థల యాంటెన్నాలున్న పాత టవర్లమీద. అలాంటప్పుడు రిసీవర్‌ను కొన్ని కిలోమీటర్ల అవతల మరో కొండకు మార్చి, అక్కడి నుంచి యూ.హెచ్.ఎఫ్. లింకుతో మాటను ట్రాన్స్‌మిటర్‌కు చేర్చడమే దారి. రెండో చోటుకు అద్దె, కరెంటు, ఇంకో యాంటెన్నా కావాలి. కాని ఆ ఖరీదైన డబ్బాల వరస అక్కర్లేకుండా పోతుంది. ఒక్కో యాంటెన్నాను ఒక్క ఫ్రీక్వెన్సీకే సరిచేస్తే చాలు. ట్రాన్స్‌మిటర్ కొండమీద ఏదైనా అతుకు చిటపటలాడినా, అది వినే రిసీవర్ ఆ దగ్గర్లో ఉండదు.