ఎయిర్‌గన్‌తో అడవిలో అడుగు పెట్టే ముందు..

కోతులు, అడవి పందులు, జింకలు.. పంట చేతికొచ్చే వేళకు వీటి బెడద అంతా ఇంతా కాదు. డబ్బాలు కొట్టి, టపాసులు పేల్చి విసిగిపోయిన కొందరు రైతులు ఎయిర్‌గన్ కొనుక్కుంటున్నారు. చేను గట్టు మీద మొదలైన తరుముడు అడవి లోపలిదాకా పోయిందంటే మాత్రం కథ మారిపోతుంది. పంట పోగొట్టుకున్న రైతే ముద్దాయి అవుతాడు. మీ చేను అడవికి ఆనుకుని ఉందా? అయితే గట్టు అవతల ఉన్నది ఏ రకం భూమో ముందు తేల్చుకోండి.

"కొన్నప్పుడు లైసెన్సు అక్కర్లేదన్నారు కదా!" అంటారు మీరు. నిజమే. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 20 జౌల్స్ శక్తికి, 0.177 అంగుళాల గొట్టానికి మించని ఎయిర్‌గన్‌కు లైసెన్సు లేదు. అది దగ్గర ఉంచుకోవడం వరకే. అడవిలో చెల్లే చట్టం వేరు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కత్తి, వల, ఉచ్చు, విల్లు, బాణం కూడా ఆయుధాలే. జంతువును గాయపరచగల పరికరం ఏదైనా సరే ఆ లెక్కలోకే వస్తుంది. ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళకూడదని 31వ సెక్షన్ చెబుతోంది. కాల్చకపోయినా, చేతిలో ఉంటే చాలు. 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. తుపాకి, బండి కూడా స్వాధీనం చేసుకుంటారు. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ గుళ్ళ తుపాకి అయినా "బొమ్మే కదా సార్" అంటే గార్డు ఊరుకోవాలని లేదు.

అభయారణ్యం అంటే నల్లమలలా దట్టంగా ఉండాలనుకోకండి. నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని రోళ్ళపాడు చూడండి. చాలావరకు గడ్డి నేల. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. కృష్ణజింకలు అక్కడినుంచే చుట్టుపక్కల చేలమీద పడతాయి. కొత్తవాళ్ళ కంటికి అది పశువుల బీడులాగే ఉంటుంది. కంటిచూపుతో హద్దు తేలదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

మరి ఎలా తేలుతుంది? మొదట గ్రామ సర్వేయరు దగ్గర ఊరి నక్షా చూడండి. మీ సర్వే నంబరు పక్కన ఉన్నది పోరంబోకా, అడవా అన్నది అందులో తెలుస్తుంది. అడవి అయితే ఫారెస్టు రేంజి ఆఫీసుకు వెళ్ళండి. ఆ బ్లాకు పేరేమిటి, 1967 అటవీ చట్టం కింద 4వ సెక్షన్ ప్రకటన మాత్రమే వచ్చిందా, 15వ సెక్షన్ కింద రిజర్వు ఫారెస్టుగా ఖరారైందా, అభయారణ్యంలో కలిసిందా అని అడగండి. హద్దు రాళ్ళకుప్పలు ఎక్కడున్నాయో బీటు అధికారిని వెంటబెట్టుకుని ఒకసారి నడిచి చూస్తే ఇంకా మంచిది. ఎవరూ సరిగ్గా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. రుసుము 10 రూపాయలు మించదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. నోటిమాట కంటే ఆ కాగితమే రేపు అక్కరకొస్తుంది.

మామూలు రిజర్వు ఫారెస్టు అయినా అనుమతి లేని వేట, ఉచ్చులు, నిప్పు నేరాలే. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా పొందినవారికి సాగు హక్కు ఉంది, వేట హక్కు లేదు. ఇక సొంత పట్టా చేను సంగతి. అక్కడ చప్పుడు చేసి బెదిరించండి. గుండు మాత్రం పందికో, జింకకో తగలకూడదు. గాయపరచడం కూడా చట్టం దృష్టిలో వేటే.

పంట పోయినప్పుడు తుపాకి వెదికేకంటే, తొక్కిన చేను ఫొటోలు తీయించి రేంజి ఆఫీసులో పరిహారం అర్జీ ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి. జంతువుల అడుగుజాడలు చెరిగిపోకముందే పరిశీలనకు రమ్మనండి.